లెక్క యడుగు హక్కు

గృహిణికి లెక్క క్రొత్తది కాదు. పాలవాని పద్దు చూడక, అంగడివాని చీటీ సరిపోల్చుకొనక సొమ్ము చెల్లించు నిల్లాలు మనలో నరుదు. కాని చౌకధరల దుకాణములో బియ్యము తక్కువ తూచినను, ముదుసలి యత్తగారి పింఛను నెలలతరబడి నిలిచిపోయినను, ఆ యిల్లాలే “సర్కారువారి పని, మనమేమి యడుగగలము?” అని మిన్నకుండును. ఈ మౌనమునుగూర్చియే యీ నెల మా సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

మనము నిశ్చయముగా నడుగవచ్చును. అట్టి హక్కును మనకు సాధించిపెట్టినవారిలో పల్లెటూరి కూలిస్త్రీలు ముఖ్యులు. రాజస్థానములో 1990వ సంవత్సరమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంఘ మేర్పడెను. ఐ.ఏ.ఎస్. ఉద్యోగమును విడిచివచ్చిన శ్రీమతి అరుణా రాయ్ దాని స్థాపకులలో నొకరు. ఆ ప్రాంతమున సర్కారు పనులు చేసిన కూలీలకు చట్టప్రకారము రావలసిన కూలి ముట్టకుండెను. అడిగినచో, కాగితములలో పని తక్కువగా నున్నదని బదులు వచ్చెడిది. ఆ కాగితములను చూపుడనిన, అవి రహస్యములనెడివారు. 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామమున సంఘమువారు బహిరంగ విచారణ జరిపి, హాజరుపట్టీలను ఊరందఱి యెదుట బిగ్గరగా చదివిరి. పనికి రానివారి పేర్లును వానిలో బయటపడెను. 1996లో బ్యావర్ పట్టణమున 40 దినములు ధర్నా సాగెను.

ఆ యుద్యమమున పాల్గొన్న, నాలుగవ తరగతి మాత్రమే చదివిన యొక స్త్రీని ఢిల్లీలో పత్రికలవారు “నీ కీ హక్కెందులకు?” అని ప్రశ్నించిరట. పది రూపాయలిచ్చి కుమారుని బజారునకు పంపిన తల్లి తిరిగివచ్చినపుడు లెక్క యడుగును గదా, తన పేర కోట్లు వెచ్చించు సర్కారును తానేల యడుగరాదని యామె బదులు చెప్పెనట. ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము పండితులును చేయలేరు.

ఆ కృషి ఫలించి 2005 అక్టోబరు 12వ తేదీనుండి సమాచారహక్కు చట్టము దేశమున పూర్తిగా అమలులోనికి వచ్చెను. దరఖాస్తునకు కారణము చెప్పనక్కఱలేదు. వ్రాయుట రానివారు నోటితో చెప్పినచో, దానిని కాగితముపై పెట్టుటకు అధికారియే తోడ్పడవలెను. 30 దినములలో బదులీయవలెను. ఈయకున్నను, ఇచ్చినది సరిగా లేకున్నను, పై యధికారికి 30 దినములలో అప్పీలు చేయవచ్చును. అచ్చటను న్యాయము జరుగకున్న సమాచార కమిషనునకు పోవచ్చును. కారణములేక జాప్యము చేసిన యధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండ, కమిషను జరిమానా విధింపగలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో చేసిన నిబంధనలలో గ్రామస్థాయి కార్యాలయములకు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

అడుగుటలో నొక మెలకువ కలదు. “మాకు పింఛను నేల యీయలేదు?” అని వ్రాసినచో దాటవేయుట సులభము. “మా దరఖాస్తు ఏ తేదీన నెవరి యొద్దకు చేరినది? దానిపై వారేమి వ్రాసిరి? ఆ పుటల నకళ్లిండు” అని వ్రాయవలెను. చట్టము మనకిచ్చినది కాగితములను చూచు హక్కు; కావున కాగితమునే యడుగుడు.

రేషను విషయమున స్త్రీలకు మఱింత బలము కలదు. 2013 నాటి ఆహారభద్రతా చట్టము ప్రకారము, రేషను కార్డు విషయమున, అర్హతగల కుటుంబములో 18 ఏండ్లు నిండిన స్త్రీలలో పెద్దయామెయే గృహయజమాని. ఈ పంపిణీకి సంబంధించిన రికార్డులను ప్రజలు చూచుటకు వీలుగా నుంచవలెనని యా చట్టమే చెప్పుచున్నది. కావున స్టాకెంత వచ్చినదో, ఎంత పంచిరో చూపుడని యడుగుట దుకాణదారుతో జగడము కాదు, యజమానురాలి కర్తవ్యము.

మన ప్రాంతమునకును ఈ పద్ధతి క్రొత్త కాదు. ఉపాధిహామీ పనులపై 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీలు జరిగెను. శిక్షణ పొందిన గ్రామ యువజనులు ఇంటింటికిని పోయి, పుస్తకములోని కూలిని చేతికందిన కూలితో సరిచూచి, ప్రజల సమక్షమున చదివి వినిపించిరి.

అయినను చట్ట ముండినంతనే సరిపోదు. తెలంగాణమున 2023 ఫిబ్రవరి నుండి 2025 మే వఱకు రాష్ట్ర సమాచార కమిషనులో కమిషనర్లే లేరు. చివరి యప్పీలు వినువారే లేనపుడు క్రింది యధికారికి భయమేల యుండును? వాడుకలేని తాళము త్రుప్పుపట్టును. అడుగువారు లేని హక్కును నంతే.

కావున సోదరీమణులారా, మీ యింటనో, పొరుగింటనో నిలిచిపోయిన పింఛనో, అందని కూలియో యున్నచో, ఈ నెల ఒక్క దరఖాస్తు వ్రాయుడు. చదువురాని పొరుగామెకు మీరే వ్రాసిపెట్టుడు. నకలొకటి దాచుకొని, తేదీ వేసిన రసీదు తప్పక పుచ్చుకొనుడు. మర్యాదగా నడుగుడు, కాని బదులు వచ్చువఱకు మానకుడు.