తొలి బిడ్డకు తోపుడు బండి

ఇంట తొలి బిడ్డ కలగబోతున్నదని తెలియగానే కొనుగోళ్ళ జాబితా ఒకటి తయారవుతుంది. పూర్వం అందులో మెత్తని పాత చీరల గుడ్డలు, ఉయ్యాల తాళ్ళు, ఆముదం సీసా ఉండేవి. నేడు ఆ జాబితా శిరోభాగాన ప్రామ్ చేరింది. దానిని దుకాణంలో తాకి చూడకుండా సెల్‌ఫోను తెరపై చూసి కొనేవారూ ఉన్నారు. కువైట్‌లోనో హైదరాబాదులోనో ఉన్న తండ్రి అక్కడి నుండే ఒక బండిని ఎంచి, డబ్బు చెల్లించి, పలాస చిరునామాకో టెక్కలి చిరునామాకో పంపగలుగుతున్నాడు. ఆ బండి నడవవలసిన నేల ఎలాంటిదో మాత్రం ఆ తెర చూపదు.

కనుక నేల సంగతితోనే మొదలుపెడదాం. ఉద్యానం అన్న మాట నుండే ఉద్దానం వచ్చిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల కొబ్బరి, జీడి, పనస తోటలన్నీ ఇసుక నేలలే. వీధిలో సిమెంటు రోడ్డు వేసినా, దాని అంచు దాటి గుమ్మం చేరేసరికి మళ్ళీ ఇసుకే. బజారులో చవకగా దొరికే బండ్లకు ముందువైపు అరచేయంత ప్లాస్టిక్ చక్రాలు జంటలుగా ఉంటాయి. నగరాల దుకాణ సముదాయాల నున్నని నేల కోసం తయారైన చక్రాలవి. ఇసుకలో పది అడుగులు వేయకముందే అవి అడ్డం తిరిగి కూరుకుపోతాయి. బండి ముందుకు తూలుతుంది, బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది, బండి అటక ఎక్కుతుంది. మన పల్లెల్లో అటకల మీద దుమ్ము పట్టిన బండ్లలో చాలావాటి కథ ఇదే.

ఇసుక నేలకు పెద్ద చక్రం కావాలి. వెనుక చక్రాలు కనీసం పది అంగుళాలుండి, గాలి ట్యూబులో మెత్తని ఫోమో గలవైతే మంచిది. గాలి చక్రానికి తుమ్మముల్లు గుచ్చుకుంటుందన్న భయం ఉంటుంది. కాని సైకిలు పంక్చరు వేసే మనిషి ప్రతి ఊరిలోనూ ఉన్నాడు. పగిలిన ప్లాస్టిక్ చక్రాన్ని బాగుచేసే వాడే ఎక్కడా దొరకడు. ముందు చక్రాలు అటూ ఇటూ తిరగకుండా బిగించే మీట ఉందో లేదో కూడా చూడాలి. గతుకుల నేలపై ఆ మీట వేసి నడపాలి. మరీ వదులు ఇసుక వస్తే బండిని ముందుకు తోయడం మాని, వెనక్కి తిరిగి లాగండి. సులువుగా వస్తుంది.

అయితే పెద్ద చక్రాల బండి బరువు ఎక్కువ, మడిచినా చోటు ఎక్కువ. ఇక్కడే అసలు చిక్కు. బిడ్డ మొదటి ఏడాది చేసే ప్రయాణాలు ఏవో ఒకసారి లెక్క వేయండి. టీకాల కోసం ఆరు, పది, పద్నాలుగు వారాలకు, ఆ పైన తొమ్మిది నెలలకు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. పుట్టింటి నుండి అత్తవారింటికి, ఏ పెళ్ళికో, ఏ పలకరింపుకో వెళ్ళాలి. ఇవన్నీ ఆటోలో, పల్లెవెలుగు బస్సులో, పలాస స్టేషనులో ఎక్కే రైలులో జరిగేవి. ఒక చేత బిడ్డను పట్టుకొని మరో చేత మడవలేని బండి వీటిలో దేనికీ పనికిరాదు. కనుక బండి ఇంటి ముంగిట తిప్పడానికా, ప్రయాణానికా అన్నది ముందే తేల్చుకోవాలి. రెంటికీ ఒకే బండి కొంటామంటే సాధారణంగా రెంటికీ సరిపడనిదే చేతికి వస్తుంది.

ఈ చిక్కు మనకే కొత్త కాదు. బిడ్డల బండి 1733 ప్రాంతంలో ఇంగ్లండులో ఒక డ్యూక్ గారి పిల్లల కోసం విలియం కెంట్ అనే శిల్పి చేతిలో పుట్టిందని చెబుతారు. దానిని మేకో, పొట్టి గుర్రమో లాగేదట. ఆ తరువాత రెండు శతాబ్దాలకు పైగా అది బరువైన వాహనంగానే మిగిలింది. 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే విమాన ఇంజనీరు గొడుగులా ముడుచుకునే తేలిక బండికి పేటెంటు తీసుకున్నాడు. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల చక్రాల అమరికపై పనిచేసిన అనుభవం ఆయనది. మాస్కో నుండి బిడ్డతో వచ్చిన కుమార్తె బరువైన ప్రామ్‌తో పడిన అవస్థ ఆయనను ఆ ఆలోచనకు పురికొల్పిందంటారు. ఒక తాతగారి ఆలోచన ప్రపంచంలోని తల్లుల చేతుల బరువు తగ్గించిందన్న మాట.

ఆ గొడుగు బండిలో కూడా ఒక ప్రమాదం దాగి ఉంది. 2009 నవంబరులో అమెరికాలో మెక్లారెన్ సంస్థకు చెందిన సుమారు 10 లక్షల బండ్ల విషయంలో హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. బండిని విప్పేటప్పుడు కీలు మధ్య పిల్లల వేళ్ళు చిక్కి, వేలి కొసలు తెగిన ఘటనలు అప్పటికి 12 నమోదయ్యాయి. కీళ్ళపై తొడుగులు ఉచితంగా పంపారు. మనం నేర్చుకోవలసింది ఏమంటే, బండి ఏ కంపెనీదైనా, బిడ్డ దూరంగా ఉన్నప్పుడే దానిని విప్పాలి, మడవాలి. కీళ్ళలో వేలు దూరే సందు ఉంటే ఆ బండి వద్దు. పెట్టెపై యూరప్ వారి ఈఎన్ 1888 గాని, అమెరికా వారి ఏఎస్‌టీఎం ఎఫ్833 గాని ముద్రించి ఉంటే అది పిల్లల బండ్లకు సంబంధించిన భద్రతా ప్రమాణం. ధర కన్నా ముందు దానిని వెతకండి.

బిడ్డ వయసు విషయంలో రాజీ పడకూడదు. మెడ నిలవని పసికందును కూర్చోబెట్టే బండిలో వేస్తే తల ముందుకు వాలి, గడ్డం రొమ్మును తాకి, ఊపిరికి ఇబ్బంది కలుగుతుంది. తనంతట తాను కూర్చోగలిగే వరకు, అంటే ఇంచుమించు ఆరు నెలల వరకు, పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టగల బండే వాడాలి. "మూడు నెలల నుండి" అని పెట్టెపై ఉన్నా వీపు ఎంత వరకు వాలుతుందో కంటితో చూసుకోండి. భుజాల మీదుగా, నడుము చుట్టూ, కాళ్ళ మధ్యగా వచ్చే ఐదు పట్టీల బెల్టు ఉండాలి. నడుము పట్టీ ఒక్కటే ఉంటే ఆరేడు నెలల బిడ్డ దానిలో నుండి జారిపోగలదు.

పిడిని అటూ ఇటూ మార్చి బిడ్డ ముఖం మనవైపు ఉండేలా చేసుకునే వీలున్న బండి కొంత ఖరీదైనా నాకు నచ్చుతుంది. స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ సుజాన్ జీడిక్ 2008లో దీనిపై ఒక పరిశీలన చేశారు. బిడ్డ ముఖం తమవైపు ఉన్నప్పుడు తల్లులు బిడ్డతో దాదాపు రెట్టింపు మాట్లాడుతున్నారని అందులో తేలింది. ఆ ఊసులే కదా పసివాడి మొదటి పాఠాలు.

ఎండ గురించి ఒక గట్టి మాట. వేసవిలో, పరదా కోసమో దిష్టి తగులుతుందనో బండి మొత్తాన్ని చున్నీతో కప్పే అలవాటు ఉంది. పలుచని గుడ్డే కదా అనుకుంటారు. 2014లో స్వీడన్ దినపత్రిక ఒకటి దీనిని పరీక్షించింది. కప్పనప్పుడు 22 డిగ్రీలున్న బండి లోపలి వేడి, పలుచని గుడ్డ కప్పిన అరగంటలో 34కు, గంటలో 37కు చేరింది. అది స్వీడన్ ఎండ. మన మే నెల ఎండలో ఏమవుతుందో ఊహించండి. గాలి ఆడే జాలీ గల బండి, లేత రంగు పైకప్పు తీసుకోండి. గుడ్డతో మూయకండి. దోమతెర వేరు, చున్నీ వేరు.

బ్రేకు విషయం దుకాణంలోనే తేల్చుకోవాలి. బ్రేకు వేసి, బండిలో నాలుగైదు కిలోల బియ్యం సంచి పెట్టి, వాలు మీద వదిలి చూడండి. 2009 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరం ఆష్‌బర్టన్ స్టేషనులో తల్లి చేయి వదిలిన క్షణంలో ఒక ప్రామ్ దొర్లి, వస్తున్న రైలు ముందు పట్టాలపై పడింది. అల్లాహ్ కృపతో ఆ ఆరు నెలల బిడ్డ బతికి బయటపడ్డాడు. మన స్టేషన్లలో టికెట్టు, సంచులు, బురఖా సవరించుకోవడం అన్నీ ఒకే చేతి మీద జరుగుతాయి. ప్లాట్‌ఫారం మీద బండి పట్టాలకు ఎదురుగా కాక అడ్డంగా నిలవాలి, బ్రేకు పడి ఉండాలి. పిడికి కూరగాయల సంచి తగిలించకూడదు. బిడ్డను ఎత్తుకోగానే ఆ బరువుకు బండి వెనక్కి బోర్లా పడుతుంది.

ఇక ధర సంగతి. మా వద్ద చదువుకొని వెళ్ళిన ఒక యువకుడు గత మాసం గల్ఫ్ నుండి ఫోను చేశాడు. భార్య ఉద్దానంలోని పుట్టింట ఉంది, ఆపరేషను ద్వారా తొలి కూతురు పుట్టింది. అతడు వాయిదాలపై 22 వేల రూపాయల బండి చూశాడు. అత్తగారు వద్దన్నారట. "బిడ్డను చంకనెత్తుకోవడానికి ఇంట్లో మనుషులు లేరా నాయనా?" అని అడిగారట. "మౌలానా గారూ, ఇది దుబారా అవుతుందా?" అని అతని ప్రశ్న.

ఆ ఇంట్లో మనుషులు ఎవరెవరున్నారో అడిగాను. మామగారు కిడ్నీ వ్యాధిగ్రస్తులు. వారానికి మూడు రోజులు డయాలసిస్, వెంట వెళ్ళేది అత్తగారే. ఉద్దానం వారికి ఈ మాట విడమరచి చెప్పనవసరం లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనదంటేనే ఇక్కడి బాధ ఎంతటిదో తెలుస్తుంది. ఆయన ఎడమ చేతికి డయాలసిస్ కోసం ఫిస్టులా చేశారు. ఆ చేతిపై బరువు మోపరాదు, బిడ్డ తలను కూడా ఆనించుకోరాదు. మనుమరాలిని ఎత్తుకోవాలని ఆయనకు ఎంత ఉన్నా, మంచం మీద కూర్చొని చూడడమే. కోతకు కుట్లు పడిన తల్లి ఎక్కువ బరువు ఎత్తకూడదు. నానీ సగం రోజులు ఆసుపత్రిలో. మరి ఆ ఇంట్లో చంక ఎవరిది?

అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్ ఖర్చులో దుబారాను, పిసినారితనాన్ని రెంటినీ వారించి మధ్య మార్గాన్ని బోధిస్తుంది. మనం సాధారణంగా దాని మొదటి సగాన్నే గుర్తుంచుకుంటాం. ఆ ఇంటికి బండి అవసరమే, 22 వేల బండి అవసరం కాదు. వాయిదాల అప్పు అసలే వద్దు. డయాలసిస్ రోగి ఉన్న ఇంట రాకపోకల ఖర్చుకు చేతిలో ఎప్పుడూ నాలుగు డబ్బులు ఉండాలి. ఐదారు వేలలో, వెల్లకిలా పడుకోబెట్టగల, పెద్ద చక్రాల బండి చూడమన్నాను. డయాలసిస్ జరిగిన రోజున రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి గనుక ఆ రోజు మామగారు బండి జోలికి పోకూడదనీ, మిగతా రోజుల్లో కూడా డాక్టరును అడిగాకే నెట్టాలనీ చెప్పాను. బండి వచ్చింది. డాక్టరు సరేనన్నారు. అసర్ నమాజు తరువాత ఇంటి ముందరి సిమెంటు గచ్చు మీద, ఈ చివర నుండి ఆ చివరకు, కుడి చేత్తో మనుమరాలిని తిప్పుతున్నారట. అత్తగారు ఇంకా సణుగుతూనే ఉన్నారని అతడే నవ్వుతూ చెప్పాడు.

ఆమె సణుగుడులో న్యాయం లేకపోలేదు. బండి ఒడికి బదులు కాదు. దైవప్రవక్త (స) తమ మనుమరాలు ఉమామాను ఎత్తుకొనే నమాజు చేయించారనీ, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారనీ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. చంకకు, జోలెకు మన ఇళ్ళలో ఉన్న స్థానం ఉండవలసిందే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు కూలి దారులన్నీ మూసుకుపోయాయి. అలాంటి రోజున ఏ చక్రమూ కదలదు, బిడ్డను కట్టుకునే గుడ్డే పనికొస్తుంది. కట్టుకున్నప్పుడు బిడ్డ ముఖం కనబడుతూ, గడ్డం రొమ్ముకు ఆనకుండా ఉండాలి.

జీడి పిక్కలు కొట్టే పనిలో ఉన్న తల్లులకు బండి మరొక విధంగా ఉపకరిస్తుంది. పిక్క తొక్కలోని నూనె పెద్దల చర్మాన్నే కాల్చుతుంది. నేలపై పాకే బిడ్డ చేయి ఆ తొక్కల మీద పడితే ఏమవుతుందో మీకు తెలుసు. బెల్టు పెట్టిన బండిలో, తొక్కల కుప్పకు, పొగకు దూరంగా, కంటికి కనబడే చోట బిడ్డ ఉంటుంది. బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవడం మరువకండి.

బండితో పాటు దుకాణదారు వాకర్ కూడా అంటగట్టబోతాడు. తీసుకోకండి. అది నడక నేర్పదు. మెట్ల మీద నుండి, పొయ్యి వైపుకు బిడ్డను దొర్లిస్తుంది. కెనడాలో 2004 నుండి దాని అమ్మకమే నిషిద్ధం.

పాత బండి దొరికితే సంకోచించకండి. బ్రేకు, బెల్టు క్లిప్పులు, కీళ్ళ తాళం, గొట్టాల తుప్పు, ఈ నాలుగూ చూసుకోండి. గుడ్డలు విప్పి ఉతుక్కోవచ్చు. బండిని వాడే కాలం ఏడాదిన్నర, రెండేళ్ళే గనుక ఒక వీధికి రెండు బండ్లు చాలు. పొరుగువారికి వాడుక వస్తువు ఇవ్వని వారి ప్రస్తావన అల్ మాఊన్ సూరాలో ఉంది. పాత్రలు, పార వంటి వాటినే అక్కడ ఉదాహరణలుగా పెద్దలు చెబుతారు గాని, అటక మీది ప్రామ్ కూడా ఆ కోవలోనిదే. ఎరువిచ్చేటప్పుడు ఏది వదులైందో, ఏది విరిగిందో చెప్పి ఇవ్వండి.

సముద్రపు ఉప్పుగాలికి ఇనుప గొట్టం రెండు వర్షాకాలాలకే తుప్పు పడుతుంది, అల్యూమినియం నిలుస్తుంది. ఏ బండి అయినా వారానికొకసారి మంచినీటి తడిగుడ్డతో తుడిచి, ఇరుసుల్లో ఇసుక దులిపి, కుట్టు మిషను నూనె ఒక్కొక్క చుక్క వేయండి. కొబ్బరి నూనె వేయకండి. అది జిగటబారి ఇసుకను పట్టుకుంటుంది.