బండి ఈ గట్టున, మనం ఆ గట్టున

అమ్రాబాదు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వారింట్లో నెల రోజులుగా ఒక ప్రయాణం గురించి తగవు నడుస్తోందట.

అత్తగారికి డెబ్భై రెండేళ్ళు. అష్టాదశ శక్తిపీఠాలలో అలంపురం జోగుళాంబనూ, శ్రీశైలం భ్రమరాంబనూ ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. ఆ ప్రాంతం వారికి రెండూ పెరటి గుళ్ళవంటివే గదా! అయితే ఆ పద్దెనిమిదింటిలో మొట్టమొదట చెప్పేది లంకలోని శాంకరిని. “మోకాళ్ళు బొత్తిగా పట్టుకుపోకముందే ఆ తల్లిని ఒక్కసారి చూపించరా నాయనా” అని ఆవిడ కొడుకును అడిగారు. కొడుకు వెంటనే సరేనన్నారు. తగవు అక్కడ కాదు. ఆయన నిరుడు కొత్తకారు కొన్నారు. ఇంటిముందు కారెక్కిన తల్లి మళ్ళీ త్రికోణమలై కోవెల ముందే దిగాలని ఆయన పంతం. “1957లో లండన్ నుంచి కలకత్తాకు బస్సు వచ్చింది. పక్కనున్న లంకకు మన కారు పోదా?” అని వాదిస్తున్నారట. దీనికేదో ఒక జవాబు చెప్పకపోతే ఈ ఏడు కూడా ప్రయాణం మాటల్లోనే ముగుస్తుందని సోదరి బాధ.

బస్సు సంగతి నిజమే. 1957 ఏప్రిల్ 15న లండన్‌లో బయలుదేరి జూన్ 5న కలకత్తా చేరింది. కాని ఆ బస్సు ఇంగ్లీషు ఛానలును ఈదుకుంటూ రాలేదు. బండ్లను కడుపులో పెట్టుకొని దాటించే ఓడలు అక్కడ ఉన్నాయి. ఇస్తాంబులు దగ్గర బాస్ఫరస్ జలసంధి మీద 1973 దాకా వంతెన లేదు. అక్కడా పడవే దిక్కు. వేల మైళ్ళ ఎడారులూ కొండలూ దాటినా, నీళ్ళు అడ్డమొచ్చిన చోట బండిని ఎక్కించుకునే పడవ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మనకూ లంకకూ నడుమ దూరం తక్కువే. తక్కువైనది పడవ.

ఒకప్పుడు ఇంత ఇబ్బంది లేదు. 1914 నుంచి ధనుష్కోటికీ తలైమన్నారుకూ మధ్య రైలు ప్రయాణికులను దాటించే ఓడలు నడిచాయి. చెన్నపట్నంలో టిక్కెట్టు తీసుకుంటే ఇటు రైలు, నడుమ ఓడ, అటు రైలు, కొలంబోలో దిగడమే. 1964 డిసెంబరులో వచ్చిన తుఫాను ధనుష్కోటినే తుడిచిపెట్టింది. ఆ రాత్రి పాంబన్ నుంచి వెళ్ళిన రైలు ప్రయాణికులతో సహా కడలిపాలయింది. తరువాత కొన్నేళ్ళు రామేశ్వరం నుంచి ఓడ నడిచింది. లంకలో అంతర్యుద్ధం మొదలయ్యాక 1980లలో అదీ ఆగింది. 2011లో తూత్తుకుడి నుంచి కొలంబోకు పెద్ద ఓడ ఒకటి వేశారు గాని నెలల్లోనే మానుకున్నారు.

మళ్ళీ దారి తెరిచింది 2023 అక్టోబరు 14న. ఈసారి నాగపట్టణం నుంచి జాఫ్నా పక్కనున్న కాంకేశన్‌తురైకు. కొద్ది రోజులకే ఆగి, 2024 ఆగస్టు 16న తిరిగి మొదలైంది. సుమారు 110 కిలోమీటర్ల నీటిదారి, నాలుగు గంటలు. ఇందులో మనుషులు ఎక్కవచ్చు, పెట్టెలు ఎక్కవచ్చు. కారు ఎక్కడానికి వీలులేదు.

పోనీ, కారును సరుకు ఓడలో పంపుదామని సోదరిగారి భర్త అంటారేమో. పంపవచ్చు. దానికి “కార్నే” అనే పత్రం కావాలి. మనిషికి పాస్‌పోర్టు ఎలాగో బండికి అది అలాగ. మన దేశంలో దీనిని ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. ఈ బండిని పరాయిదేశంలో అమ్మను, తిరిగి తెచ్చుకుంటాను అన్న మాటకు హామీగా, బండి ఖరీదును బట్టి సొమ్ము కట్టుబడి చెయ్యాలి. బండి తిరిగి రాకపోతే అక్కడి సుంకం ఆ సొమ్ములోంచి పోతుంది. ఆపైన ఓడ కూలి, రేవు ఖర్చు, కారు వచ్చేదాకా కొలంబోలో కాపలా. మూడు నెలలు తిరిగేవాడికి ఇది గిట్టుబాటు. వారం రోజుల యాత్రకు ఇంత తతంగం చూస్తే నాకు నవ్వే వస్తున్నది. తల్లికోసం ప్రయాణమా, కారుకోసమా అన్నది ఆయనే తేల్చుకోవాలి.

ఉత్తరం మూడో పేజీలో సోదరిగారు ఒక మాట రాశారు, బహుశా దాని విలువ గమనించకుండానే. అత్తగారు చిన్నపిల్లగా ఉండగా, ఆనకట్ట ఇంకా లేని రోజుల్లో, శివరాత్రికి శ్రీశైలం వెళ్ళేవారట. ఎడ్లబండిని కొండపైనే వదిలి, కాలినడకన కృష్ణలోకి దిగి, పుట్టిలో అవతలికి దాటేవారట. పుట్టిలో ఎడ్లు ఎక్కవుగా! బండి ఈ గట్టున, మనుషులు ఆ గట్టున. అయ్యా, మీ తగవుకు తీర్పు మీ తల్లిగారి దగ్గరే ఉంది. కారును నాగపట్టణంలో భద్రమైన చోట నిలిపి ఓడ ఎక్కండి. అవతల డ్రైవరుతో సహా కారు అద్దెకు మాట్లాడుకోండి. అక్కడ మీరే తోలాలని సరదా ఉంటే ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్టు తీసుకోవచ్చు. కాని లంకలో దానికి మళ్ళీ అక్కడి ఆమోదముద్ర కావాలి. ఆ తిరుగుడులో ఒక పూట పోతుంది.

ఇక లెక్క. అందరూ ఇంటి దగ్గరనుంచి లెక్క మొదలుపెడతారు. ఓడ ఉన్న ప్రయాణానికి ఓడ నుంచి వెనక్కి లెక్క కట్టాలి. ఈశాన్య ఋతుపవనాల రోజుల్లో, అంటే కార్తీకం మొదలు సంక్రాంతి దాటేదాకా, ఆ సముద్రాన్ని నమ్మడానికి వీలులేదు. ఓడను నెలల తరబడి ఆపేస్తారు. శివరాత్రికి మీ ఘాటురోడ్డు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? కనుక శివరాత్రి రద్దీ తగ్గాక, మార్చి నెల రెండో సగంలో ఓడకు టిక్కెట్టు తీసుకోండి. ఆ తేదీకి ముందురోజు సాయంత్రానికే నాగపట్టణంలో ఉండాలి. దానికి ముందురాత్రి చిదంబరంలో, అంతకు ముందురాత్రి నెల్లూరులో మజిలీ. మొత్తం 800 కిలోమీటర్ల పైచిలుకు. కుర్రవాళ్ళయితే ఒక్క బిగిన పోతారు. పెద్దావిడతో రెండు గంటలకొకసారి కారు ఆపి నాలుగడుగులు నడిపించాలి.

మీ మొదటి సరిహద్దు సముద్రం కాదు, మన్ననూరు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా అడవిదారి గేటు మూస్తారు. పులుల అభయారణ్యం గదా. కృష్ణ దాటాక దోర్నాల వైపు అడవిలోనూ రాత్రి ఆంక్షలే. “తెల్లవారుఝామున మూడింటికే బయలుదేరదాం” అనే ఉత్సాహవంతులు మన్ననూరు గేటు దగ్గర కునికిపాట్లు పడతారు. ఆరింటికి గేటు దాటితే దోర్నాల, మార్కాపురం మీదుగా మధ్యాహ్నానికి ఒంగోలు. అక్కడినుంచి దక్షిణంగా పెద్దరోడ్డే.

కాగితాల పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. పాత తరం ఆడవారికి ఆధారులో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక పేరు, ఇంటిపేరు పుట్టింటిదో మెట్టినింటిదో తెలియని గందరగోళం. పాస్‌పోర్టు ఆలస్యమయ్యేది చాలాసార్లు అక్కడే. ముందు ఆ పేర్లన్నీ ఒక్కటి చేయించండి. లంక ప్రభుత్వపు అనుమతి ఆన్‌లైనులో తీసుకోవచ్చు. నిబంధన మారుతూ ఉంటుంది గనుక టిక్కెట్టు కొనేముందు చూసుకోండి. తిరుగు ప్రయాణానికి రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. గాలి బాగులేదని ఓడ ఆగితే ఆ రెండు రోజులే మిమ్మల్ని ఆదుకుంటాయి.

కాంకేశన్‌తురై నుంచి త్రికోణమలైకి కారులో సుమారు 250 కిలోమీటర్లు. జాఫ్నాలో రాత్రి విశ్రమించి మర్నాడు వెళ్ళడం మంచిది. పాత కోవెలను 1620లలో పోర్చుగీసువారు పడగొట్టి ఆ రాళ్ళతో కోట కట్టారు. శాంకరి అమ్మవారు ఇప్పుడున్నది కోట లోపలి కొండకొమ్మున, కోణేశ్వరుని పక్కన. ఆ కొండ ఎక్కుతుంటే కోటలో చుక్కల జింకలు మనుషులకు జడవకుండా తిరుగుతూ కనిపిస్తాయి. నల్లమలలో పుట్టిపెరిగిన మీ అత్తగారికి అవి చుట్టాల్లా అనిపిస్తాయి కాబోలు. వాలు తక్కువే అయినా మోకాళ్ళనొప్పివారికి ఎక్కువే. ఎండ ముదరకముందే, పొద్దుటిపూట ఎక్కించండి. చేతికర్ర మరవకండి.

ఉత్తరం చివర తాజాకలంగా మరొకటి అడిగారు. పాతాళగంగ నీళ్ళు తీసుకెళ్ళి శాంకరమ్మకు సమర్పించాలని అత్తగారి కోరికట. బిందెడు వద్దు. చిన్న చెంబులో పట్టి, మూతికి లక్కవేయించి, బట్టలపెట్టెలో కాక చేతిసంచిలో ఉంచండి. కస్టమ్సువారు అడిగితే విప్పి చూపించి, ఏమిటో చెప్పండి. ఆవకాయ జాడీ మాత్రం ఇంట్లోనే ఉంచండి. జాఫ్నాలో మీ నాలుకకు సరిపడే కారం దొరుకుతుంది.