గ్రంథస్వరూప పరిజ్ఞానము – అర్థావబోధము

పదచ్ఛేదము తెలిసియు, ప్రతిపదార్థము కంఠస్థమై యుండియు, వాక్యార్థము తెలియకపోవుట నేడు ప్రాచ్య కళాశాలల విద్యార్థులలో తరచుగా కానవచ్చు విషయము. రఘువంశ ప్రథమ సర్గములోని అయిదవ శ్లోకమే ఇందులకు నిదర్శనము. ఆ శ్లోకమున కర్త కలడు, క్రియ లేదు. ఆ క్రియ తొమ్మిదవ శ్లోకమున గాని రాదు. అయిదు శ్లోకములును కలిసి ఒకే వాక్యము. ఇట్టి దానిని కులకమందురు. ఈ సంగతి ఎరుగని విద్యార్థి అయిదవ శ్లోకమునకు వేరుగా ఒక క్రియను కల్పించుకొనును. లేదా విశేషణ పరంపర ఎవరిని ఉద్దేశించినదో తెలియక ఊరకుండును. అతనికి కొరవడినది నిఘంటు జ్ఞానము కాదు, గ్రంథము కూర్పబడిన తీరును గుర్తించు జ్ఞానము.

ఈ కొరతను తీర్చు మార్గము చూపిన మహనీయుడు ఎక్కడివాడో కాడు. కోలాచల మల్లినాథసూరి స్వస్థలమని ప్రసిద్ధిగాంచిన కొల్చారము మెతుకుసీమలోనిదే. 2016లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడు వరకు సిద్దిపేటయు మెదకు జిల్లాలోని పట్టణమే. మూలము లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది చెప్పననియు, సర్వమును అన్వయముఖముననే వ్యాఖ్యానింతుననియు ఆయన ప్రతిజ్ఞ చేసెను. శ్లోకమునకు ముందు అవసరమైన చోట అవతారిక నిచ్చి పూర్వకథతో సంబంధమును చూపును. రెండు శ్లోకములు ఒక వాక్యమైనచో యుగ్మకమనియు, అయిదు లేక అంతకు మించినచో కులకమనియు హెచ్చరించును. కిరాతార్జునీయ వ్యాఖ్యకు ఘంటాపథమని, అనగా రాజమార్గమని, పేరిడుటలోనే ఆయన దృష్టి తెలియుచున్నది. నేటి విద్యార్థి ఆ వ్యాఖ్యలోని పర్యాయపదములను మాత్రము గ్రహించి, అవతారికను విడిచిపెట్టుచున్నాడు.

కావ్యమున ఈ లోపము రసాస్వాదమునకు భంగము. శాస్త్రమున సిద్ధాంతమునకే భంగము. తాళపత్రములలో పదముల నడుమ ఎడము లేదు, పేరాల విభజన లేదు. కావున గ్రంథకర్తలు మార్గసూచికలను వాక్యములలోనే నిలిపిరి. ‘నను’, ‘స్యాదేతత్’ అనునవి శంకకు ఆరంభములు. ‘ఇతి చేన్న’ అనునది దాని నిరాసము. ‘ఉచ్యతే’ అనునది సమాధానమునకు ద్వారము. ‘తథా హి’ అనినచో చెప్పినదానికి వివరణము, ‘యద్వా’ అనినచో పక్షాంతరము. శంకరుల బ్రహ్మసూత్ర భాష్యము ఆరంభముననే, ఆత్మానాత్మలు వెలుగు చీకట్లవలె పరస్పర విరుద్ధములు గనుక అధ్యాసము కుదరదనుటయే యుక్తమని దీర్ఘముగా చెప్పబడినది. ‘తథాపి’ అను ఒక్క పదముతో విచారము మలుపు తిరిగి, అట్టి అధ్యాసము లోకవ్యవహారమున స్వభావసిద్ధముగా నున్నదని స్థాపింపబడినది. ఆ పదమును గుర్తింపనివాడు ఆచార్యుల మతమునకు విరుద్ధమైన దానినే ఆచార్యుల మతముగా వ్రాయును. పరీక్షాపత్రములలోనే గాక పరిశోధన వ్యాసములలోను పూర్వపక్షము సిద్ధాంతముగా ఉదాహరింపబడుటకు ఇదియే కారణము.

సాధనములు మనకు కొత్తగా కావలసినవి కావు. మీమాంసకులు అధికరణమునకు విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అని అయిదు అంగములు చెప్పిరి. ఉపక్రమోపసంహారాది షడ్లింగములు గ్రంథ తాత్పర్యమును నిర్ణయించును. కౌటిల్యుని అర్థశాస్త్రమున చివరిదైన పదునైదవ అధికరణము 32 తంత్రయుక్తులకే కేటాయింపబడినది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున 32, చరకసంహిత సిద్ధిస్థానమున 36 తంత్రయుక్తులు కలవు. బాలురు తొలుత వల్లించు అమరకోశమున సైతము, ‘తు’ అంతమందున్న పదమును, ‘అథ’తో ఆరంభమగు పదమును వెనుకటి వానితో చేర్చరాదని కర్తయే ఆదిలో నియమము చెప్పెను.

ఇవన్నియు ప్రౌఢ విద్యార్థులకే గాని ప్రారంభకులకు అక్కరలేదనియు, మూలము కంఠస్థమైనచో స్వరూపము తానై తెలియుననియు కొందరు అధ్యాపకులు తలతురు. పాఠశాలలో అది నిజమే. అచట శిష్యుడు ఒకే గ్రంథముతో ఏండ్ల తరబడి ఉండును. శంక ఎచట ముగిసినదో, సమాధానము ఎచట మొదలైనదో గురువు నోటనే వినును. నేటి కళాశాలలో పాఠ్యభాగము అక్కడొక ఖండము, ఇక్కడొక ఖండము. గడువు కొద్ది నెలలు. చేతిలో నున్నది గైడు. నాడు తానై తెలిసినదానిని నేడు ప్రత్యేకముగా బోధింపవలసి ఉన్నది. ధారణ తగ్గవలెనని దీని అర్థము కాదు. ధరించినదానికి ఆకారము తెలియవలెనని మాత్రమే.

ఇందులకు చేయవలసినది కొద్దియే. ప్రతిపదార్థమునకు పూర్వము ఒక పూట విషయమును, ప్రయోజనమును, అవాంతర విభాగములను చెప్పవలెను. విద్యార్థి తన పుస్తకపు అంచున శంకా సమాధానముల హద్దులను తానే గుర్తింపవలెను. చదువని వాక్యభాగము నొకటి యిచ్చి పూర్వపక్షము ఎంతవరకో చూపుమను ప్రశ్న పరీక్షలో ఒక్కటైన ఉండవలెను. పాఠ్యాంశముల నెన్నుకొను పెద్దలు కులకమును నడుమ తెంచరాదు, అధికరణమును సిద్ధాంతమునకు ముందు ఆపరాదు. గురువు దరి లేనపుడును గ్రంథమును తానై చదువగలవాడే వ్యుత్పన్నుడు. అట్టివారిని తయారుచేయలేని బోధన ఎన్ని శ్లోకములను వల్లింపజేసినను విద్యార్థిని గైడు నుండి విడిపింపజాలదు.