వసంత్ కుంజ్‌కు అందని వేసవి కళలు

ఢిల్లీ పాఠశాలలకు మే మధ్య నుంచి జూన్ నెలాఖరు వరకు సెలవులు. సంగీతం, చిత్రలేఖనం, నాటకం నేర్పే శిబిరాలకు నగరంలో కొదవ లేదు. అయితే స్వల్ప ఖర్చుతో పిల్లలకు కళలు నేర్పే జాతీయ బాల భవన్, 1956లో స్థాపితమైనది, కోట్లా రోడ్డులో ఉంది. నైరుతి ఢిల్లీలోని వసంత్ కుంజ్ నుంచి అది 15 కిలోమీటర్లకు పైనే. మండుటెండలో ఈ ప్రయాణం కారున్నవారికి సమస్య కాదు. పక్కనే కిషన్‌గఢ్, మసూద్‌పుర్‌లలో అద్దెకుండే కూలీ కుటుంబాల పిల్లలకు మాత్రం అసాధ్యమే. ఇక ఇరుగుపొరుగు ప్రైవేటు తరగతుల రుసుము వారు భరించలేరు.

పెద్దల పరిస్థితి మరీ అన్యాయం. బాల భవన్ సభ్యత్వం 16 ఏళ్లకే పరిమితం. పదవీ విరమణ తర్వాత గాత్రం నేర్చుకోవాలనుకునేవారిని లెక్కలోకి తీసుకున్న ప్రభుత్వ పథకం అరుదు.

1977లో ఐఐటీ ఢిల్లీ ఆచార్యుడు కిరణ్ సేఠ్ ప్రారంభించిన స్పిక్ మెకే సంస్థ కళాకారులనే విద్యార్థుల వద్దకు తీసుకెళ్లింది. ఆ ఐఐటీ వసంత్ కుంజ్‌కు దగ్గరే. డీడీఏ నిర్మించిన ఈ కాలనీలో సెలవుల్లో పాఠశాల గదులు తాళాలతోనే ఉంటాయి. ఉదయం పిల్లలకు, సాయంత్రం పెద్దలకు వాటిని తెరిస్తే, గురువు గౌరవ వేతనం తప్ప పెద్ద ఖర్చేమీ ఉండదు. అనుమతి ఇవ్వాల్సింది పాఠశాలల యాజమాన్యాలు, విద్యాశాఖ.