తిమింగలం ఎముకలూ, మన బురదా

మొన్నామధ్య అండమాన్ వెళ్ళాం. పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అని మార్చారు గానీ, నాకు పాత పేరే నోటికొస్తోంది) నౌకాదళం వాళ్ళ సముద్రిక మ్యూజియం చూశాం. వాకిట్లోనే నీలి తిమింగలం అస్థిపంజరం! లోపల శంఖాలు, గవ్వలు, రకరకాల పగడాలు. ఆఫీసులో డాక్యుమెంటేషన్ చదవమంటే పారిపోయే నేను ప్రతి బోర్డూ చదివాను.

"నాన్నా, తాతగారి ఊరి దగ్గర సముద్రంలో పగడాలుండవా?" అన్నాడు మావాడు.

మాది గుడివాడ. మంగినపూడిలో ఎన్నిసార్లు మునిగానో లెక్కలేదు. పేరులోనే చేపని పెట్టుకున్న మచిలీపట్నం పక్కన పెరిగి కూడా జవాబు తెలీలేదు. రాత్రి కూర్చుని చదివితే తేలిందేంటంటే, పగడాలకి తేటగా ఉండే ఉప్పునీరు కావాలి, ఎండ లోపలిదాకా దిగాలి. మన తీరంలో కృష్ణా గోదావరులు మంచినీళ్ళూ ఒండ్రూ తెచ్చి కుమ్మరిస్తాయి. అందులో పగడం బతకదు. కానీ మడ అడవి పెరిగేది ఆ బురదలోనే. రొయ్య పిల్లలూ, పీతలూ ఎదిగేది ఆ వేళ్ళ మధ్యనే.

ఆ మాటకొస్తే మన దివిసీమా ద్వీపమే కదా! పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి చుట్టేసిన నేల. అక్కడి అభయారణ్యంలో బావురుపిల్లి ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకొచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి, అటవీశాఖ వాళ్ళు వాటిని పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. మేమేమో హంసలదీవి వెళ్ళినప్పుడల్లా సంగమంలో మునిగి, వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టి, పులిహోర తిని వచ్చేశాం.

నా మటుకు నాకు నాగాయలంకలో రెండు గదుల మ్యూజియం చాలు. తిమింగలం అక్కర్లేదు. ఒక మడచెట్టు వేళ్ళతో సహా, తాబేలు డిప్ప, వలలు, చేపలకి మనవాళ్ళు పిలిచే పేర్లు. గోడ మీద ఒక గీత, 1977 నవంబరు 19న ఉప్పెన నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో చూపిస్తూ. వేలమంది పోయారు ఆ రోజు. మడ అడవి దట్టంగా ఉంటే అల జోరు తగ్గుతుందని ఆ గీత పక్కనే రాయాలి.

ఇదంతా ఎవరికో చెప్తున్నట్టు రాస్తున్నా గానీ, కొన్నేళ్ళ క్రితం మా బావమరిది అటువైపు రొయ్యల చెరువు తవ్విస్తుంటే నేనూ బోనస్ డబ్బులు పెట్టాను. లాభమూ తీసుకున్నాను. చెరువుకి ముందు అక్కడ ఏముండేదని అప్పుడు అడగలేదు. అండమాన్ నుంచి వచ్చాక ఫోన్ చేసి అడిగాను.

"ఏముంటుంది బావా, మడే" అన్నాడు.