పరీక్ష రోజే నొప్పి వస్తే?

రాయ్‌పూర్: సికిల్ సెల్ వ్యాధి ఉన్న విద్యార్థికి నొప్పి ఎప్పుడు మొదలవుతుందో ముందుగా తెలియదు. చలి, ఒంట్లో నీరు తగ్గడం, ఇన్ఫెక్షన్, విపరీతమైన అలసట... వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కొడవలి ఆకారంలోకి మారిన ఎర్రరక్త కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడటంతో ఎముకల్లో, కీళ్లలో, ఛాతీలో భరించలేని నొప్పి వస్తుంది. కొందరు రోజుల తరబడి ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుంది. అది సెమిస్టర్ పరీక్షల వారమైతే?

ఛత్తీస్‌గఢ్‌లో ఈ ప్రశ్న అరుదైనది కాదు. ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అదొకటి. దీనికోసమే రాయ్‌పూర్‌లో ప్రభుత్వం ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అందులో ఉన్నాయి. అంటే, తమకు ఈ వ్యాధి ఉందని తెలిసి కాలేజీలో చేరే విద్యార్థుల సంఖ్య ఇకపై పెరుగుతుంది.

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ ఒకటి. ఉన్నత విద్యాసంస్థలతో సహా పరీక్షల విధానాన్ని అవసరమైన మేరకు మార్చాలని సెక్షన్ 17 చెబుతోంది. ఉదాహరణగా అదనపు సమయం, స్క్రైబ్ సదుపాయాలను పేర్కొంది. అర్హులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నవి 2018 నాటి మార్గదర్శకాలు. అయితే ఇవన్నీ హాలు దాకా రాగలిగినవారికే. ఆసుపత్రి వార్డులో సెలైన్ ఎక్కించుకుంటున్న విద్యార్థికి కావాల్సింది మరో తేదీ. అది దొరకని చోట ఆ పేపర్ బ్యాక్‌లాగ్‌గా మిగులుతుంది. చివరి సెమిస్టర్‌లో అయితే పీజీ సీటో, ఉద్యోగమో చేజారుతుంది.

మరో తేదీ ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. కొవిడ్ వేళ, 2020 జూలైలో, ఏ కారణంతోనైనా చివరి ఏడాది పరీక్ష రాయలేకపోయినవారికి ప్రత్యేక పరీక్ష పెట్టవచ్చని యూజీసీ చెప్పింది. కానీ ఆ వెసులుబాటును 2019-20 విద్యాసంవత్సరానికే పరిమితం చేసింది.

దొంగ మెడికల్ సర్టిఫికెట్లు వస్తాయన్నది వర్సిటీల భయం. అందులో నిజం లేకపోలేదు. అయితే సికిల్ సెల్ పుట్టుకతో వచ్చేది, రక్తపరీక్షలో తేలేది. అడ్మిషన్ సమయంలోనే రికార్డు తీసుకుని, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం చూసి, కొన్ని వారాల్లో మరో పేపర్ పెడితే సరిపోతుంది. రక్తపరీక్షలకు కోట్లు వెచ్చిస్తున్న ప్రభుత్వానికి ఒక ప్రశ్నపత్రం భారం కాకూడదు.