స్టెప్నీలో గాలుందా?

హైదరాబాదు నుంచి పల్నాడు వైపు కారులో వెళ్ళేవాళ్ళకి వాడపల్లి వంతెన బాగా పరిచయం. మిర్యాలగూడ దాటి, దామరచర్ల దాటి, సిమెంటు లారీల వెనక కాస్త దుమ్ము తిన్నాక వస్తుంది. కృష్ణానది ఒక వైపు నుంచి, హైదరాబాదు మురుగంతా మోసుకుని పాపం మూసీ ఇంకోవైపు నుంచి వచ్చి ఇక్కడ కలుస్తాయి. ఊళ్ళో అగస్త్యేశ్వరుడి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి. స్వామి ఊపిరికి గర్భగుడిలో దీపం కదులుతుందని చెబుతారు. వంతెన అవతల పొందుగుల. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. నల్గొండలో కొన్న బండికి ఒకప్పుడు ఏపీ 24 అని ఉండేది. తర్వాత టీఎస్ 05 అన్నారు, 2024 నుంచి టీజీ 05 అంటున్నారు. వంతెన దగ్గర కాసేపు నిలబడితే మూడు రకాలూ చూడొచ్చు.

నేను ఒకసారి అక్కడ గంటన్నర నిలబడ్డాను. నంబరు ప్లేట్లు చూడ్డానికి కాదు.

2006 మే నెల. నరసరావుపేటలో పెళ్ళి. చిన్నదానికి జ్వరం తగిలిందని భోజనాలవగానే బయల్దేరాం. కారు మామగారిది, తెల్ల అంబాసిడర్. వంతెన దాటి వాడపల్లి ఒడ్డెక్కామో లేదో, వెనక ఎడమ చక్రం 'టప్' అంది. రాత్రి పదకొండు దాటింది. జాకీ తీశాను, పానా తీశాను. డిక్కీ తెరిచి అరిసెల డబ్బాలూ చీరల సంచులూ పక్కన పెట్టి స్టెప్నీ బయటికి లాగాను. నేల మీద పెట్టగానే అది అప్పడంలా అణిగిపోయింది.

"స్టెప్నీ కొత్తదే అల్లుడుగారూ! ఎనిమిదేళ్ళయింది, ఒక్కసారి కూడా వాడలేదు" అన్నారు మామగారు ఎంతో నమ్మకంగా.

మా ఆవిడ పిల్లని భుజాన వేసుకుని నా వైపు చూసింది. "పేపర్లో కార్ల గురించి రాసేది మీరేగా?" అని అడిగింది. అంతే, ఇంకేమీ అనలేదు.

నాలుగు బస్సులు ఆగకుండా పోయాయి. చివరికి సిమెంటు ఫ్యాక్టరీకి లోడు కోసం ఖాళీగా వెళుతున్న లేలాండ్ లారీ ఒకటి ఆగింది. డ్రైవరు కిందికి దిగకుండానే అడిగాడు.

"ఏమైంది సార్, పంచరా? స్టెప్నీ లేదా?"

"ఉంది. గాలి లేదు."

"గట్లయితే ఉన్నట్టా, లేనట్టా?"

సమాధానం చెప్పలేకపోయాను. ఆయన నవ్వి క్లీనరు కుర్రాణ్ణి లేపాడు. కుర్రాడు నిద్రమత్తులోనే లారీ కిందికి దూరి, బ్రేకుల గాలి ట్యాంకుకి పైపు తగిలించి రెండో కొస మా స్టెప్నీకి పెట్టాడు. డ్రైవరు ఇంజను ఆపకుండా ఉంచాడు. పెద్ద లారీల బ్రేకులు గాలి ఒత్తిడితోనే పనిచేస్తాయి కాబట్టి, ఇంజను నడుస్తున్నంతసేపూ కంప్రెసర్ ఆ ట్యాంకు నింపుతూ ఉంటుంది. ఆ గాలిని టైర్లకీ పట్టొచ్చని పుస్తకంలో చదివాను. చూడటం అదే మొదటిసారి. పది నిమిషాల్లో చక్రం ఎక్కింది. డబ్బివ్వబోతే డ్రైవరు తీసుకోలేదు. కుర్రాడికి మాత్రం అరిసెలు పెట్టాం. "పిల్లకు జరమున్నట్టుంది, జల్ది పోండ్రి" అని లారీ కదిలించాడు.

మిర్యాలగూడ వచ్చేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నా బుర్రలో మొదలైన సంగతి మాత్రం చాలాకాలం వదల్లేదు. ఆ రాత్రి ఆ రోడ్డు పక్కన ఎన్ని ఇంగ్లండు ఊళ్ళు కలిశాయో చూడండి!

మా అంబాసిడర్ అసలు 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారయ్యేది. ఆ నమూనాని అక్కడివాళ్ళు కొద్ది ఏళ్ళలోనే మార్చేసుకున్నారు. మనవాళ్ళు మాత్రం కలకత్తా పక్కన ఉత్తరపారాలో 2014 దాకా తయారుచేస్తూనే ఉన్నారు. (దానికి ఏడాది ముందే, 2013లో, బీబీసీ వారి 'టాప్ గేర్' ప్రపంచ టాక్సీలకి పోటీ పెట్టి అంబాసిడర్‌కే మొదటి స్థానం ఇచ్చింది. అవసాన దశలో సన్మానం అంటే ఇదే!) లేలాండ్ అనేది లాంకషైర్‌లో ఒక ఊరు. మద్రాసులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్, 1955లో ఆ ఊరి కంపెనీతో కలిసి అశోక్ లేలాండ్ అయింది. ఇక స్టెప్నీ సంగతి అన్నిటికన్నా తమాషా.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్లకి అదనపు చక్రం ఉండేది కాదు. ఉన్న చక్రం ఊడదీసే వీలూ ఉండేది కాదు. రోడ్ల మీద గుర్రాల నాడాల మేకులు రాలి ఉండేవి. అవి గుచ్చుకుంటే షోకైన దొరగారు కోటు విప్పి రోడ్డు మీద కూర్చుని ట్యూబుకి అతుకేసుకోవాల్సిందే. వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్ళో డేవిస్ సోదరులు, థామస్, వాల్టర్, దీనికి ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని వట్టి రిమ్ముకి గాలి నింపిన టైరు తొడిగి సిద్ధంగా ఉంచుతారు. పంచరైతే దాన్ని ఆ చక్రానికే పక్కన బిగించి ఇంటిదాకా నడిపించుకోవచ్చు. 1904 నాటి మాట. వాళ్ళ దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. అదే పేరు పెట్టారు. తర్వాత ఊడదీసి బిగించుకునే చక్రాలు రావడంతో ఆ సరుకు పోయింది. పేరు మాత్రం ఓడలెక్కి ఊళ్ళు తిరిగింది. బ్రెజిల్‌లో ఇప్పటికీ 'ఎస్టెపె' అంటారు. మనకి పల్లెటూళ్ళో ఆటో నడిపే పిల్లాడి దాకా స్టెప్నీయే.

మరి పుట్టినచోట? ఆ ముచ్చటా చెబుతాను.

2011లో రీడింగ్‌లో ఉన్న మా బంధువుల ఇంటికి వెళ్ళాం. లండన్‌కి పడమరగా సాఫ్ట్‌వేరు కంపెనీలున్న ఊరు. ఉగాది పచ్చడి నుంచి బతుకమ్మ దాకా అన్నీ చేసుకునేంత మంది మనవాళ్ళున్నారు. అద్దె కారులో ఎం4 మోటార్‌వే మీద వేల్స్ వైపు బయల్దేరాం. చక్రం గాలి పోయింది. పక్కకి ఆపి, అలవాటుగా డిక్కీ వైపు నడిచాను. మా బంధువు చెయ్యి పట్టుకుని లాగాడు. "బాబాయ్, ఇక్కడ మనం చక్రం మార్చకూడదు!" మోటార్‌వే మీద బండి ఆగితే ఎడమవైపు తలుపుల నుంచి దిగి, రెయిలింగు అవతలికి వెళ్ళి నిలబడాలట. చిన్న రిపేరైనా సొంతంగా చెయ్యొద్దని వాళ్ళ హైవే కోడ్‌లోనే రాసి ఉంది. గడ్డి మీద నిలబడి సహాయం కోసం ఫోను చేశాం. నేనే మాట్లాడతానని తీసుకున్నాను.

"స్టెప్నీ ఉంది, మార్చేవాళ్ళు కావాలి" అన్నాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో.

"స్టెప్నీకి వెళ్ళాలా సార్? మీరు దానికి వ్యతిరేక దిశలో ఉన్నారే!" అంది ఆ అమ్మాయి.

లండన్ తూర్పు భాగంలో స్టెప్నీ అనే పేట ఉందట! డిక్కీ అని కూడా నోరు జారాను. ఆ మాటా ఆమెకి అర్థం కాలేదు. పాత కార్లకి వెనక బయట తెరుచుకునే మడత సీటుని వాళ్ళు డిక్కీ అనేవారు. ఇప్పుడు సామాను పెట్టుకునే చోటు 'బూట్'. లారీలో క్లీనరు ఉంటాడని చెబితే, మీ దగ్గర లారీలు అంత శుభ్రంగా ఉంటాయా అని తర్వాత ఒకాయన మర్యాదగా అడిగాడు. అక్కడ క్లీనరంటే ఇల్లు తుడిచే మనిషి. వాళ్ళిచ్చిన భాషతో వాళ్ళ ఊళ్ళోనే మూగవాణ్ణయ్యాను.

వాళ్ళ రోడ్డు మర్యాదలు గురించి మనవాళ్ళు కథలు కథలుగా చెబుతారు. అందులో అతిశయోక్తి తక్కువే. హారన్ కొట్టడమంటే తిట్టడంతో సమానం. ఊళ్ళలో రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున ఏడు దాకా కదిలే బండి హారన్ కొట్టడం చట్టవిరుద్ధం. మన లారీల వెనక 'సౌండ్ హారన్' అని మనమే రాసి పెట్టుకుంటాం! లైటు సంగతి మరీ విచిత్రం. ఇరుకు రోడ్డులో ఎదుటి బండి లైటు కొట్టిందంటే అక్కడ 'మీరు రండి' అని. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద అదే లైటుకి 'నేను వస్తున్నా, తప్పుకో' అని అర్థం. ఈ తేడా తెలియక, లైటు కొట్టినవాడికి దారివ్వడానికి నేను ఆగాను, నాకు దారివ్వడానికి అతనూ ఆగాడు. ఇద్దరం ఒకరికొకరు దణ్ణం పెట్టుకున్నంత పనైంది. మూడేళ్ళు దాటిన ప్రతి కారుకీ ఏటా పరీక్ష ఉంటుంది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే తప్పించేస్తారు. మన దగ్గరా అదే కొలత చట్టంలో ఉంది, కానీ గుండు కొట్టించుకున్న టైర్లతో తిరిగే బళ్ళు లెక్కలేనన్ని.

ఇదంతా మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పాలి. ఆ రోజు గడ్డి మీద రెండు గంటలు నిలబడ్డాం. వందల కార్లు పోయాయి, ఒక్కటీ ఆగలేదు. ఆగకూడదు కూడా, ఆగితే ప్రమాదం. అక్కడ సాయం వ్యవస్థగా ఉంటుంది, ఏటా చందా కట్టాలి. మన దగ్గర సాయం మనుషుల్లో ఉంటుంది, అదృష్టం ఉండాలి. ఏది మంచిదని అడిగితే, జ్వరంతో ఉన్న పిల్ల చేతిలో ఉన్నప్పుడు వ్యవస్థే కావాలని అంటాను. మొదటి నాలుగు బస్సులూ ఆగలేదన్న సంగతి నేను మర్చిపోలేదు.

ఇప్పుడు మన కార్లలో స్టెప్నీకే చోటు పోతోంది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, పంచరు కిట్టూ ఉంటే మూడున్నర టన్నుల లోపు వాహనాలకి అదనపు చక్రం అక్కర్లేదని 2020లో మన నిబంధనలు మార్చారు. బరువు తగ్గుతుంది, బ్యాటరీకో సిలిండరుకో చోటొస్తుంది. నిజమే. మేకు గుచ్చుకుంటే కిట్టులోని జిగురు పనిచేస్తుంది కూడా. కానీ టైరు పక్క గోడ రాయికి కోసుకుంటే ఆ జిగురు ఆపలేదు. పల్నాటి రాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. షోరూములో పాటల సిస్టమ్ గురించి అరగంట అడుగుతాం, వెనక చాప ఎత్తి కింద ఏముందో ఒక్కరూ చూడరు. కొన్నిట్లో సన్న చక్రం ఇస్తారు. దాని మీద గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దని దాని మీదే రాసి ఉంటుంది.

స్టెప్నీ ఉన్నవాళ్ళు నెలకోసారి నాలుగు చక్రాలతోపాటు దానికీ గాలి చూపించండి. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. టైరు గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. మామగారి స్టెప్నీ 'కొత్తది' అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా ఈ అంకెలు చూస్తుంటాను.

మొన్న సంక్రాంతికి మళ్ళీ అదే దారిన వెళ్ళాం. రోడ్డు నాలుగు వరసలైంది. అప్పటి జ్వరం పిల్లే స్టీరింగు పట్టింది. వాడపల్లిలో పంచరు షాపు దగ్గర ఆపి గాలి పట్టించాం. నాలుగు చక్రాలూ అయ్యాక షాపాయన అడిగాడు.

"స్టెప్నీ గూడ సూడమంటరా సార్?"

అమ్మాయి కొత్త కారు డిక్కీ తెరిచి చాప ఎత్తింది. థర్మకోల్ పెట్టెలో చిన్న కంప్రెసరు, పక్కన తెల్లటి సీసా. ఆయన సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంది సార్, దగ్గు మందా?"